కబ్జా ఆట

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను చెప్పిన అబద్ధాలకు అంతులేదు. సెలవు చీటీల్లో లేని జ్వరాలు తెప్పించుకున్నాను. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లకు విరిగిన హైజంపు కర్రలకు రంగు పూసి కొత్తవని చూపించాను. అవేవీ నన్ను ఒక్క పూటైనా బాధ పెట్టలేదు. ఒక్క మాట మాత్రం మిగిలిపోయింది. "రాలేదు" అన్నాను. అంతే, మూడక్షరాలు. వాటితో ఏమేం పోయాయో చెప్పడానికి ఇది రాస్తున్నాను. ఎవరో క్షమిస్తారని కాదు. క్షమించాల్సిన మనిషి తను చెప్పదలుచుకున్నది ఎప్పుడో నా మొహాన చెప్పేసింది.

నా పేరు ఆదినారాయణ. మా నాన్న గుడివాడ వైపు నుంచి వచ్చి ఏన్కూరులో పొలాలు కొన్నాడు. అన్నదమ్ములు సేద్యంలోకి దిగితే నేను డ్రిల్లు మాస్టారునయ్యాను. జూలూరుపాడు పక్కన ఒక హైస్కూల్లో ఉద్యోగం. నాకు కోపం ఎక్కువ. విజిలు కంటే సారు గొంతే దూరం పోతుందని అందరూ నవ్వుకునేవారు. పగలు బడిపిల్లలకు కసరత్తు, సాయంత్రం చుట్టుపక్కల యువకులకు ఫుట్‌బాల్. ఆ జట్టులో లారీ క్లీనర్లు, బీడీ ఆకు కల్లాల్లో పనిచేసేవాళ్లు, సొంత సేద్యం ఉన్నవాళ్లు, అన్ని రకాలూ ఉండేవారు. నలుగురు తండాల నుంచి వచ్చేవాళ్లు. వాళ్లలో ఒకడు భద్రు.

డెబ్బై తొమ్మిది వేసవిలో నన్ను నెల రోజుల శిక్షణకు హైదరాబాదు పంపారు. అక్కడ నేర్పిన వాటిలో నా బుర్రకెక్కింది ఒక్కటే. బంతిని గుడ్డిగా ముందుకు తన్ని దాని వెనక పరుగెత్తడం ఆట కాదు. బంతి మన దగ్గర ఉన్నంతసేపు ఎదుటివాడు గోలు కొట్టలేడు, కనక దాన్ని మన మధ్యే తిప్పుకుంటూ ఉండాలి. నోటుబుక్కు నిండా బొమ్మలు గీసుకుని వచ్చి, మర్నాడే మైదానంలో సున్నంతో ఒక చదరం గీశాను. పదిహేను అంగలకు పదిహేను అంగలు. నలుగురు అంచుల మీద, ఇద్దరు నడుమ. అంచుల మీదివాళ్లు బంతిని తమలో తాము తిప్పుకోవాలి, నడుమ ఉన్నవాళ్లు లాక్కోవాలి. రెండే తాకులు. ఒక తాకుతో ఆపాలి, రెండో తాకుతో పక్కవాడికి ఇచ్చెయ్యాలి.

"దీన్ని బంతి స్వాధీనం అంటారు" అని మొదలుపెట్టాను. తుల్సీరాం ఆవలించాడు. వాడికి పొద్దున్నే లారీ కడిగి వచ్చిన అలసట.

"స్వాధీనం అంటే ఏంది సారూ? కబ్జానా?" అన్నాడు భద్రు.

"అదే అనుకో."

"గట్ల చెప్పుండ్రి మరి. కబ్జా అంటే మా తండాల ముసలోల్లకు గూడ సమజైతది. కాయిదం ఎవని పేర ఉన్నా, దున్నేటోడే కబ్జాదారు."

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి దాని పేరు కబ్జా ఆట అయిపోయింది. బంతి తెగకుండా ఇరవై పాసులు నడిస్తే దాన్ని ఒక పంట అనేవాళ్లు. ఆ పేరూ భద్రు పెట్టిందే. సాయంత్రం పూట రోడ్డు మీద పోయేవాళ్లకు మా మైదానం నుంచి "పదహారు, పదిహేడు, పద్దెనిమిది" అని గట్టిగా వినిపించేది. సైకిళ్లు ఆపి మరీ చూసేవాళ్లు. తెగగానే "పోయె, పంట పోయె" అని రోడ్డు మీంచి ఎవడో అరిచేవాడు.

తమాషా ఏమిటంటే, పేరు పెట్టిన భద్రే ఆ ఆటకు పనికిరాకుండా పోయాడు. ఇరవై రెండేళ్లవాడు, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. బంతి వాడి కాలికి చిక్కిందంటే ముగ్గురు మీద పడినా ఊడేది కాదు. కానీ ఇచ్చేవాడు కాడు. రెండు తాకులన్న చోట పది తాకులు తాకేవాడు. నేను గొంతు పోయేలా అరిచేవాణ్ణి. చదరం చుట్టూ పరుగెత్తించాను, గుంజీలు తీయించాను, వారం రోజులు నడుమ నిలబెట్టాను. ఏం చేసినా వాడి తీరు మారలేదు. చివరికి ఒక రోజు పక్కకు పిలిచి కోపం లేకుండా అడిగాను.

"ఎందుకు ఇవ్వవురా?"

వాడు కాసేపు కాలితో సున్నం గీత చెరుపుతూ నిలబడ్డాడు.

"ఇచ్చినంక మల్ల నా కాడికి వస్తదని ఏం నమ్మకం సారూ?"

"నమ్మకం నేను కదరా. నేను చెబుతున్నాను. ఇచ్చి ఊరికే నిలబడితే రాదు. ఇచ్చి ఖాళీ జాగాలోకి కదులు. బంతి నీ దగ్గరికే వస్తుంది. రాకపోతే నన్నడుగు."

"మీరు చెప్పిండ్రంటే సరే" అన్నాడు.

మూడు నెలలు పట్టింది. మొదట్లో పాసు ఇచ్చి అనుమానంగా దాని వంకే చూసేవాడు. ఆ తర్వాత చూడటం మానేశాడు. ఇవ్వడం, కదలడం, అందుకోవడం, మళ్లీ ఇవ్వడం. ఒక సాయంత్రం మూడు పంటలు వరసగా పండాయి, అరవై పాసులు. అరవయ్యోది వాడి కాలి మీద ఆగింది. నేను విజిలు వెయ్యడం మరిచిపోయి నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

ఎనభై ఒకటి కార్తీకంలో కొత్తగూడెంలో టోర్నమెంటు పెట్టారు. గనుల జట్టువాళ్లు కూడా వచ్చి చూస్తారని, నచ్చినవాళ్లను ఉద్యోగానికి రాసుకుంటారని కబురు వచ్చింది. భద్రును గనిలో ఉద్యోగస్తుడిగా చూడాలని నాకు ఆశ పుట్టింది. సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మ కొడుకు వెంకటరామారావు స్కూలుకు వచ్చాడు. ఏన్కూరు నుంచి అడవి అంచు దాకా పొగాకు, మిరప వేసే మనిషి. పన్నెండు నీలం జెర్సీలు, రెండు తోలు బంతులు జీపులోంచి దించాడు.

"ఒరేయ్ నారాయణా, పది రోజులు క్యాంపు పెట్టరా. బియ్యం, కూరలు నేను పంపిస్తాను. ఒక్కటే మాట. ఎవణ్ణీ ఇంటికి పంపకు. డిసిప్లిన్ అంటే డిసిప్లిన్."

అన్నయ్యకు ఆటల మీద అంత ప్రేమ ఉందని అప్పటిదాకా తెలియదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. క్లాసు గదుల్లో గడ్డి పరిచి పడకలు వేయించాను. భద్రు మాత్రం వెనకాడాడు. వాళ్ల నాన్న అడవి కొట్టి సాగులోకి తెచ్చిన నాలుగెకరాల్లో జొన్న కంకి మీద ఉంది. మంచె మీద మనిషి లేకపోతే పిట్టలు మిగల్చవు.

"పూలి లేదా? వడిసెల తిప్పడం రాదా ఆమెకు?" అన్నాను.

"ఆమె తిప్పినంత నేను తిప్పలేను సారూ" అని నవ్వాడు. పూలి వాడి భార్య. వాళ్లకు ఏడాది నిండిన కూతురు, చాంది. పది రోజులే కదా అని వచ్చేశాడు.

మొదటి రెండు మ్యాచులు గెలిచాం. బుధవారం సెమీ ఫైనలు. మంగళవారం మధ్యాహ్నం ఆటగాళ్లంతా వాగుకు స్నానాలకు పోయారు. నేను సున్నం డబ్బా పట్టుకుని చదరం గీతలు మళ్లీ దిద్దుతున్నాను. పూలి వచ్చింది. చంకలో పిల్ల, మోకాళ్ల దాకా దుమ్ము. నాలుగు క్రోసుల దూరం నడిచి వచ్చింది.

"భద్రు ఏడి సారూ?"

"స్నానానికి పోయాడమ్మా. ఏం కావాలి?"

"రేపు కచేరోల్లు చేను కాడికి మోకాకు వస్తుండ్రంట. దొర మనుషులు మూడొద్దుల సంది చేను సుట్టే తిరుగుతుండ్రు. మొగోడు మంచె మీద ఉండాలె సారూ. ఈ పొద్దే తోలుండ్రి."

మోకా అంటే రెవెన్యూ కచేరి అధికారులు పొలం దగ్గరికే వచ్చి, సాగులో ఎవరున్నారో కళ్లతో చూసి రాసుకోవడం. ఆ వేళకు మంచె మీద ఎవడుంటే, చేను కోసేది ఎవడైతే, కబ్జా వాడిదే. ఇక దొర ఎవరో నాకు అర్థం కాలేదంటే అబద్ధం. ఆ వైపు జీపులో తిరిగే దొర ఒక్కడే. ఆ నాలుగెకరాలు తన తండ్రి ఎప్పుడో కొన్నవేనని ఒక పాత కాగితం పట్టుకుని తిరుగుతున్నాడని అంతకుముందే విన్నాను. పది రోజులు ఎవణ్ణీ ఇంటికి పంపొద్దని అన్నయ్య ఎందుకన్నాడో ఆ క్షణాన పూర్తిగా అర్థమైంది.

"సరే అమ్మా, చెబుతాను. పంపిస్తాను."

"ఆయన వచ్చేదాంక ఉంట సారూ."

"ఎందుకు? పిల్లతో అడవి దారి, చీకటి పడుతుంది. మంచె మీద ఎవరూ లేరు కదా. నువ్వు పో. నేను చెబుతానన్నాను కదా."

"మీరు చెప్తే సాలు" అంది. బోరింగు దగ్గర పిల్లకు నీళ్లు పట్టి, తను తాగి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

నేను నిజంగా చెబుదామనే అనుకున్నాను. వాగు వైపు నాలుగు అడుగులు వేశాను కూడా. అప్పుడు లెక్కలు మొదలయ్యాయి. ఇప్పుడు చెబితే వాడు ఇప్పుడే పోతాడు. వాడు లేకపోతే సెమీ ఫైనలు లేదు. గనులవాళ్లు వచ్చేది రేపే. వాడి ఉద్యోగం కోసమే కదా ఇదంతా. కచేరివాళ్లు చెప్పిన రోజున ఎప్పుడు వచ్చారు గనక? రెండుసార్లు వాయిదా వేస్తే గానీ కదలరు. వచ్చినా పెళ్లాం ఉంది, తండా ఉంది. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాను. వాళ్లు తలలు తుడుచుకుంటూ వచ్చేసరికి నా నోరు కబ్జా ఆట గురించి మాట్లాడుతోంది.

బోరింగు దగ్గర పూలిని మా ఆవిడ ప్రమీలారాణి చూసింది. పొద్దు గూకే వేళ అన్నం పెడుతూ అడిగింది.

"ఆ అమ్మాయి చెప్పమన్నది చెప్పారా?"

"రేపు ఆట అయ్యాక చెబుతాను."

"ఆట అయ్యాక చెబితే ఏం లాభమండీ?"

"నీకు ఆట గురించి ఏం తెలుసని మధ్యలో వస్తావు?" అని కంచం ముందు నుంచి లేచిపోయాను.

బుధవారం కొత్తగూడెంలో మా వాళ్లు ఆడిన ఆట చూసినవాళ్లు ఎవరూ మరిచిపోరు. రెండో సగంలో బంతి మా వాళ్ల కాళ్ల మధ్యే తిరిగింది. పక్కన కూర్చున్న మా ఊరివాళ్లు లెక్క మొదలుపెట్టారు. పది దాటేసరికి ఊరూ పేరూ తెలియని జనం కూడా గొంతు కలిపారు. ఇరవై నాలుగో పాసు భద్రుది. ఇచ్చి, ఖాళీలోకి కదిలి, మళ్లీ అందుకుని, తను కొట్టగలిగీ తుల్సీరాంకు ఇచ్చాడు. తుల్సీరాం గోలు కొట్టాడు. భద్రు నా వైపు చూసి చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను.

ఆ సాయంత్రమైనా చెప్పి ఉండొచ్చు. శుక్రవారం ఫైనలు ఉంది. చెప్పలేదు. ఫైనల్లో ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. గనులవాళ్లు పేర్లు రాసుకున్నారు. వాళ్ల దగ్గర నుంచి ఎవరికీ ఉత్తరం రాలేదు. శనివారం పొద్దున భద్రు తన నీలం జెర్సీ మడత పెట్టుకుని తండాకు వెళ్లాడు.

బుధవారం అక్కడ ఏం జరిగిందో తుల్సీరాం వల్ల తెలిసింది. వాడిదీ అదే తండా. వెంకటరామారావు ఆ రోజు తండా మగవాళ్లందరినీ తన పొగాకు తోటలో పనికి పిలిపించాడు. తెల్లవారుతూనే ఆయన మనుషులు ఆరుగురు వచ్చి పూలిని మంచె మీంచి దింపారు. ఇద్దరు మంచె ఎక్కారు, నలుగురు జొన్న కోయడం మొదలుపెట్టారు. పది గంటలకు కచేరివాళ్లు వచ్చారు. పూలి పిల్లను ఎత్తుకుని గట్టు మీద నిలబడి చేను మాదని మొత్తుకుంది. నీ మొగుడేడీ అని అడిగారు. "వస్తుండు. సారు తోలుతున్నడు. వస్తుండు" అంది. వాళ్లు చెట్టు కింద కూర్చుని మంచినీళ్లు తాగారు, కాసేపు చూశారు కూడా. మధ్యాహ్నం దాకా ఆమె దారి వైపు చూస్తూ "వస్తుండు" అంటూనే ఉందట. వాళ్లు రాసుకోవాల్సింది రాసుకుని జీపెక్కారు.

సోమవారం పొద్దున్నే భద్రు స్కూలుకు వచ్చాడు. నేను వరండాలో బంతి లేసు బిగిస్తున్నాను. హెడ్మాస్టరు గారు గుమ్మంలో పేపరు చదువుతున్నారు. జట్టువాళ్లు ముగ్గురు మెట్ల మీద కూర్చున్నారు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సారూ, మంగళారం పూలి ఈడికొచ్చిందా? వచ్చి మీకు చెప్పిన్నంటది."

ఇప్పటికీ ఆ క్షణాన్ని తిప్పి తిప్పి చూసుకుంటాను. హెడ్మాస్టరు గారు పేపరు దించారు. మెట్ల మీదివాళ్లు తలలు తిప్పారు. ఎవడూ అరవలేదు, ఎవడూ నా గొంతు పట్టుకోలేదు. అవును వచ్చింది, నేనే చెప్పలేదు అంటే సరిపోయేది. కొట్టేవాడేమో. కొట్టనీ.

"రాలేదు" అన్నాను.

వాడి మొహంలో నేను చూసింది కోపం కాదు, ఊరట. అదే నన్ను చంపింది.

"నాకెరికే సారూ. వస్తే మీరు తోలకుంట ఉంటరా? చేను పోగొట్టుకొని, నేను తిడతనని గట్ల చెప్తుంది."

పూలి మాట తండా పెద్దల ముందు నిలబడలేదు. తాను వచ్చానంది. బోరింగు దగ్గర నీళ్లు తాగానంది. సారు అబద్ధమాడతడా అన్నారు వాళ్లు. ఆమె పిల్లను చంకనేసుకుని పినపాక వైపున్న తల్లిగారి తండాకు వెళ్లిపోయింది. ఆ తర్వాత భద్రు అర్జీ పెట్టుకుంటే కచేరికి పిలిచారు. మోకా నాడు ఎందుకు లేవు అని అడిగారు. "నాకెవరూ చెప్పలే" అన్నాడు. మూడు రోజుల ముందే ఊళ్లో దండోరా వేయించామని వాళ్లు కాగితం చూపించారు. క్యాంపు ఎవరు పెట్టించారు, కబురు ఎవరు ఆపారు అన్నది వాడు చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. చెప్పడానికి వాడికి తెలియనివ్వలేదు నేను. నాలుగెకరాలూ అలా పోయాయి.

ప్రమీల ఆ రోజు నుంచి నా డ్రిల్లు బట్టలు ఉతకడం మానేసింది. నేనే ఉతుక్కునేవాణ్ణి. అన్నయ్య మరుసటి ఏడు మళ్లీ జెర్సీలు తెస్తే వద్దని పంపేశాను. నా పౌరుషం అంతవరకే.

అన్నిటికంటే కష్టమైంది ఏమిటంటే, భద్రు ఆటకు రావడం మానలేదు. కూలి పనికి పోయి, సాయంత్రానికి అందరికంటే ముందు మైదానానికి వచ్చి, నేను వచ్చేసరికి చదరం గీసి ఉంచేవాడు. కొత్తగా చేరినవాళ్లకు వాడే నేర్పేవాడు. కబ్జా ఆట అన్న పేరు మాత్రం వాడి నోట మళ్లీ రాలేదు. పంట అనేవాడు కాదు. "ఇరవై" అనేవాడు, అంతే. ఇంటికి పోతూ "వస్త సారూ" అని చెప్పి పోయేవాడు. ఆ మాట వినలేక నేను ముందే ఇంటికి జారుకునేవాణ్ణి.

అలా రెండేళ్లు గడిచాయి. ఒక సాయంత్రం చదరంలో ఆట నడుస్తోంది. పిచ్చయ్య అని కొత్తగా చేరినవాడు అంచు మీద ఉన్నాడు. భద్రు పాసు వేరేవైపు ఇస్తే బంతి తెగింది.

"నేను పిలిచిన్నన్నా! నువ్వు నా దిక్కు సూడలే" అన్నాడు పిచ్చయ్య.

భద్రు నా వైపు తిరిగాడు. "సారూ, పిలిచిండా?"

నేను అప్పుడు ఎటో చూస్తున్నాను. "నాకు వినపడలేదు" అన్నాను.

"ఇన్నవా? సారుకు ఇనపడలేదంటే నువ్వు పిలువలేదన్నట్టే. సారు అబద్ధం జెప్పడు. పిలువకుంటనే పిలిచిన్ననేటోల్లను మస్తుమందిని చూసిన నేను" అన్నాడు భద్రు.

పిచ్చయ్య మొహం చిన్నబోయింది. వాడు నిజంగానే పిలిచాడేమో. వాడి మొహం చూడలేకపోయాను. ఆట ఆపేసి అందర్నీ పంపేశాను. భద్రును ఉండమన్నాను. గోలు స్తంభాల వెనక నిలబడి చెప్పాను. మంగళవారం పూలి వచ్చిందని, ఏ మాట చెప్పిందో ఆ మాట, బోరింగు దగ్గర నీళ్లు తాగడం, నేను పంపిస్తానని మాట ఇవ్వడం, సోమవారం వరండాలో నేను ఎందుకలా అన్నానో నాకే తెలియకపోవడం, అన్నీ. ఏడ్చాను. నా ఏడుపు నాకే రోత పుట్టించింది.

వాడు చెయ్యి ఎత్తుతాడనుకున్నాను. ఎత్తితే బాగుండుననుకున్నాను.

"రెండేండ్లాయె సారూ" అన్నాడు.

"కచేరికి వస్తానురా. రాసిస్తాను. ఎవరి ముందైనా చెబుతాను."

"జొన్నలు కోసుకున్నరు. మిరప నాటిండ్రు. కంచె ఏసిండ్రు." వాడు గోలు స్తంభానికి తగిలించిన చొక్కా తీసుకున్నాడు. "పూలికి చెప్పుండ్రి. ఆమె రెండేండ్ల సంది అబద్ధాలకోరై కూసున్నది."

ఆ రోజు "వస్త సారూ" అనలేదు. మళ్లీ మైదానానికి రాలేదు.

నేను కచేరికి వెళ్లి రాసిచ్చాను. తీసుకున్నారు. గడువు దాటిందన్నారు. ఆ ఆదివారం మణుగూరులో బస్సు మారి, పినపాక దాటాక దిగి, దారి అడుక్కుంటూ తండాకు నడిచాను. పూలి గుడిసె ముందు చింతపండు గింజలు తీస్తోంది. పక్కన మూడేళ్ల చాంది గింజలు ఏరి డబ్బాలో వేస్తోంది. నన్ను చూసి పూలి లేవలేదు. కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను. దారి పొడుగునా సిద్ధం చేసుకున్నవన్నీ పోయి, ఒక్క ముక్కే మిగిలింది.

"ఆ మంగళవారం నువ్వు వచ్చావమ్మా. నేనే అబద్ధం చెప్పాను."

"నేనొచ్చిన్నని నాకెరుక లేదా సారూ? గది చెప్పనీకి ఇంత దూరం వచ్చినవా?"

ఆమె చేతులు ఆగలేదు. నాలుగు గింజలు తీశాక అడిగింది.

"ఆయనకు చెప్పినవా?"

"చెప్పాను."

"నమ్మిండా?"

"నమ్మాడమ్మా. వెంటనే నమ్మాడు. నీకు చెప్పమన్నాడు. వాడు తీసుకుపోవడానికి వస్తాడు. నేను చెబుతాను, నేనే తీసుకొస్తాను వాణ్ణి."

పూలి అప్పుడు చేతులు ఆపింది. తల ఎత్తి నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉందని చెప్పుకుంటే నాకు కాస్త తేలికగా ఉండేది. లేదు.

"నేను రాలేదన్నవు, నమ్మిండు. ఇప్పుడు వచ్చిన్నంటివి, నమ్మిండు. అప్పుడూ నీ మాటే, ఇప్పుడూ నీ మాటే. నడుమ రెండేండ్లు నేను మొత్తుకుంటనే ఉన్న గద సారూ. నా మాట నమ్మని ఆయనింటికి నేను పోయి ఏం జేయాలె?"

చాందిని పిలిచి, డబ్బా మూత పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. నేను కాసేపు నిలబడి బస్సు రోడ్డు వైపు నడిచాను. భద్రును పంపించే అవసరం నాకు రాలేదు. తర్వాత రెండుసార్లు తనే వెళ్లాడని విన్నాను. ఆమె రాలేదు.